పాట వచ్చు సరే, పేషెంటు పక్కన కూర్చోవడం వచ్చా?

"అక్కా, చిన్నప్పటి నుంచి సంగీతం నేర్చుకున్నాను. డిగ్రీలో సైకాలజీ చదివాను. మ్యూజిక్ థెరపీ చేస్తానంటే ఇంట్లో ఒప్పుకోవడం లేదు. పాటలు పాడితే జబ్బులు పోతాయా అని నాన్న, ఏదైనా పెళ్లయ్యాక చూసుకోమని అమ్మ." ఇదే మాట కాస్త అటూ ఇటూగా ఎంతమంది ఆడపిల్లలు అంటున్నారో! సరే, టీ పెట్టుకుని ఇలా వచ్చి కూర్చో. ఇవాళ ఈ సంగతేదో తేల్చేద్దాం.

ముందు నాన్నగారి మీద కోపం తగ్గించుకో. ఆయన భయంలో సగం న్యాయం ఉంది. మ్యూజిక్ థెరపీ అనగానే మనకి ఏం కనిపిస్తోంది చెప్పు? ఫోన్ తెరిస్తే చాలు, బీపీకి ఒక రాగం, షుగరుకి ఒక రాగం, నిద్ర పట్టడానికి మరో రాగం. ముత్తుస్వామి దీక్షితులు తన శిష్యుడు తంబియప్ప కడుపునొప్పి తగ్గాలని బృహస్పతి మీద అఠాణా రాగంలో కృతి కట్టారని ఓ కథ చెప్పుకుంటాం కదా, దాన్ని కూడా తెచ్చి ఈ వీడియోల్లో సాక్ష్యంగా నిలబెడతారు. ఆ కథంటే నాకూ ఇష్టమే. శిష్యుడి బాధ చూడలేని గురువుగారి మనసు అందులో ఉంది. అలాగని ఆ రాగాన్ని చీటీ మీద రాసి, ఇంకొకరి కడుపునొప్పికి రోజుకి రెండుసార్లు వినమని చెప్పలేం కదా. ఈ జబ్బుకి ఈ రాగం అని తిరిగే పట్టికలకి గట్టి ఆధారం లేదు. నువ్వు చదవబోయేది అది కాదని ముందే చెప్పేయ్. గొడవ సగం అక్కడే తగ్గుతుంది.

మరి ఏమిటది? శిక్షణ పొందిన మనిషి, ఒక పేషెంటుకి ఏం కావాలో ముందు తేల్చుకుని, ఆ అవసరం తీరడానికి సంగీతాన్ని వాడుతూ వారాల తరబడి పనిచేయడం. మాట రావాలా, నడక కుదరాలా, లోపల గడ్డకట్టిన దుఃఖం కాస్త కదలాలా అన్నది మొదటే రాసుకుంటారు. నెల తర్వాత ఎంత దూరం వచ్చామో చూసుకుంటారు. ఆపరేషన్‌కి ముందు పేషెంటుకి నచ్చిన పాటలు హెడ్‌ఫోన్స్‌లో వినిపిస్తే కంగారు తగ్గుతుంది, అది మంచిపనే. నర్సమ్మ కూడా చేయగలదు. దాన్ని పరిశోధకులు మ్యూజిక్ మెడిసిన్ అని వేరుగా పెట్టుకుంటారు. థెరపీ అనాలంటే పాటతో పాటు ఎదురుగా ఒక మనిషి ఉండాలి, ఆ ఇద్దరి మధ్య ఏదో ఒక నమ్మకం పెరగాలి.

"ఇదంతా నిన్నమొన్న పుట్టిన ఫ్యాషన్" అని మావయ్యగారు ఎవరో అంటారు చూడు, ఆయనకి ఈ లెక్క చెప్పు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా ఆసుపత్రుల్లో గాయపడ్డ సైనికుల కోసం పాడటానికి సంగీతకారులు వెళ్లేవారు. మంచిమనసు ఒక్కటే చాలదని, పేషెంటు గురించి కూడా చదువుకుని రావాలని ఆసుపత్రులకు అర్థమైంది. 1944లో మిషిగన్‌లో ఇప్పటి మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ ఈ కోర్సు మొదలుపెట్టింది. 1950లో అక్కడ వృత్తిసంఘం పుట్టింది. బ్రిటన్‌లో 1958లో జూలియెట్ ఆల్విన్ అనే చెల్లో కళాకారిణి ఒక సంఘం పెట్టి, ఆ తర్వాత శిక్షణ కూడా మొదలుపెట్టారు. ఆ సంఘం పుట్టిన మరుసటి ఏడాది పాల్ నార్డాఫ్ అనే స్వరకర్త, క్లైవ్ రాబిన్స్ అనే ప్రత్యేక విద్య టీచరు జతకట్టి, ఎదుగుదలలో ఇబ్బందులున్న పిల్లలతో కూర్చుని అప్పటికప్పుడు సంగీతం అల్లే పద్ధతి తెచ్చారు. 80 ఏళ్లు దాటిన చదువు ఇది.

ఇక పని ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం రా. ఎందుకంటే చాలామంది దూరం నుంచి చూసి ఇష్టపడతారు, దగ్గరికి వచ్చాక బెదిరిపోతారు.

పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన అనుకుందాం. మెదడు ఎడమవైపు దెబ్బతింది. మనం అన్నదంతా ఆయనకి అర్థమవుతుంది కానీ నోట మాట రాదు. మంచినీళ్లు అడగలేక కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. అదే మనిషి, పక్కన ఎవరైనా పాత పాట ఎత్తుకుంటే మాటలతో సహా అందుకుని పాడేస్తాడు! ఇంట్లోవాళ్లు అద్భుతం అంటారు. బోస్టన్‌లో ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ అనే ముగ్గురు ఈ వింతని పట్టుకుని 1973లో ఒక పద్ధతిని వైద్యలోకం ముందు పెట్టారు. మెలోడిక్ ఇంటొనేషన్ థెరపీ అంటారు. అందులో గొప్ప పాటలేమీ ఉండవు. "నీళ్లు కావాలి" లాంటి రోజూ పనికొచ్చే మాటే తీసుకుంటారు. రెండే రెండు స్వరాలు, ఒకటి కాస్త పైన, ఒకటి కింద. థెరపిస్టు ఆయన ఎడమచేతిని తన చేతిలోకి తీసుకుని, ఒక్కో అక్షరానికి ఒక్కో తట్టు తడుతూ ముందు కూనిరాగం తీస్తుంది. తర్వాత మాటతో పాడుతుంది. తర్వాత ఇద్దరూ కలిసి. మధ్యలో ఆమె గొంతు మెల్లగా తగ్గించుకుని తప్పుకుంటుంది, ఆయన ఒక్కడే ముగిస్తాడు. ఆఖరికి "ఏం కావాలి బాబాయిగారూ?" అని అడిగితే ఆయన జవాబుగా అనాలి. అప్పుడు రాగం తీసేసి, మామూలు మాటలోకి దించాలి. ఈ ఒక్క మాటకి ఎన్ని పూటలు పడుతుందో ముందు చెప్పలేం. చెప్పిందే చెబుతూ, విసుగు మొహంలో కనబడకుండా కూర్చోగలవా? అది ఆలోచించుకో. స్పీచ్ థెరపిస్టుతో కలిసి చేసే పని ఇది, పోటీపడి చేసేది కాదు.

పిల్లలతో ఇంకోలా ఉంటుంది. ఆటిజం ఉన్న బాబు గదిలోకి వచ్చి ఎవరినీ చూడకుండా బల్ల మీద దబదబా కొడుతున్నాడనుకో. మనమైతే ఏం చేస్తాం? "కొట్టకు నాన్నా" అంటాం. థెరపిస్టు ఆ దెబ్బల లయ పట్టుకుని, అదే వేగంలో డోలక్ మీదో కీబోర్డు మీదో తిరిగి వాయిస్తుంది. వాడు ఆగితే తనూ ఆగుతుంది. ఆ ఆగిన చోట ఖాళీని నింపేయకుండా ఉండటమే కష్టం. మన సంగీతం మేష్టార్లు తాళం తప్పకూడదని కదా నేర్పారు! ఇక్కడ వాడి తాళమే తాళం. వాడు మళ్లీ ఒక దెబ్బ కొట్టి, తలెత్తి మన వైపు చూస్తే, ఆ రోజుకి రాసుకోవాల్సింది ఆ చూపే.

నడక తడబడే పార్కిన్సన్స్ పేషెంట్లకి, పక్షవాతం వచ్చినవాళ్లకి లయతో నడక నేర్పే పద్ధతిని 1990ల నుంచి మైకేల్ థాట్ బృందం కొలరాడోలో పెంచుకుంటూ వచ్చింది. ముందు ఆ మనిషి నిమిషానికి ఎన్ని అడుగులు వేస్తున్నాడో లెక్కపెడతారు. మెట్రోనోమ్‌ని అదే వేగానికి పెడతారు. కుదిరాక 5 నుంచి 10 శాతం పెంచుతారు, అంతే. మనకిష్టమైన పాట వేగానికి ఆయన్ని లాక్కెళ్లడం ఉండదు.

నెలలు నిండకుండా పుట్టిన పసికందుల దగ్గర కూడా ఈ పని జరుగుతుంది. అమెరికాలో 11 ఆసుపత్రుల్లో 272 మంది పిల్లలతో చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, తల్లిదండ్రులు ఎంచుకున్న సొంత పాటనే లాలిపాటలా నెమ్మదిగా మార్చి పాడించారు. పిల్లల గుండె వేగం, నిద్ర, పాలు తాగడం మెరుగుపడ్డాయి, కన్నవాళ్ల ఆందోళన తగ్గింది. అలా అని ఆ వార్డులో స్పీకరు పెట్టేస్తామా? 45 డెసిబెల్స్ దాటనివ్వకూడదని చెప్పే చోటు అది. గొంతు ఎంత తగ్గించాలో తెలియడం కూడా విద్యే.

"నా గొంతు అంత గొప్పగా ఉండదక్కా" అని దిగులు పడేవాళ్లకి ఒక మాట. దిగులు వద్దు. శ్రుతి, లయ పక్కాగా ఉండాలి, అది తప్పదు. గమకాలు గొప్పగా పలకకపోయినా ఫరవాలేదు. నిజానికి కచేరీలు బాగా చేసేవాళ్లకే ఇక్కడ ఒక ఇబ్బంది, చప్పట్ల కోసం చెవి వెతుకుతుంది. పేషెంటు పాడితే మనం వినాలి. అది చాలా మందికి రాదు. కర్ణాటక సంగీతం నేర్చుకున్న పిల్లలు గిటారు మీదో కీబోర్డు మీదో కార్డ్స్ వేయడం నేర్చుకోవాలి, ఎవరు ఏ శ్రుతిలో ఎత్తుకుంటే ఆ శ్రుతిలోకి మారడం రావాలి. విదేశీ కాలేజీల ఆడిషన్లో అది అడుగుతారు. మన ఊళ్లో డప్పు, కంజిర, చిడతలు కూడా చేతిలో ఉంచుకో. భజనలో పెరిగిన అమ్మమ్మకి గిటారు ఏం చెప్తుంది? చిడతలు చేతికిస్తే చెయ్యి తనంతట తనే కదులుతుంది. ఒక పేషెంటు పట్టుకున్న వాయిద్యాన్ని తుడవకుండా ఇంకొకరికి ఇవ్వకు, ఆసుపత్రిలో ఇది మొదటి పాఠం.

పాటల బుట్ట కూడా సర్దుకోవాలి. మనిషికి 15 నుంచి 25 ఏళ్ల మధ్య విన్న పాటలు ఎక్కువగా గుర్తుండిపోతాయని పరిశోధనలు చెబుతున్నాయి. ఇవాళ 80 ఏళ్ల మామ్మగారికి ఆ వయసు 1960ల్లో. అంటే గుండమ్మ కథ, మూగమనసులు నాటి పాటలు. ఆమె మతిమరుపుతో కూతురి పేరు మరిచిపోయినా ఆ పాట పల్లవి మరిచిపోకపోవచ్చు. నీకు ఇష్టమైన 2010ల పాట ఆవిడకి ఎందుకు? పెద్దవాళ్ల దగ్గర కూర్చుని ఇప్పటి నుంచే అడిగి రాసుకో: రోలు దగ్గర పాడిందేమిటి, పెళ్లిలో పాడిందేమిటి, రేడియోలో విన్నదేమిటి. అన్నట్టు, ఒక పాట అందరికీ హాయినివ్వదు. చనిపోయిన భర్త పాడిన పాటైతే ఏడుపు తెప్పిస్తుంది. ముందే ఇంట్లోవాళ్లని అడగాలి.

ఇప్పుడు అసలు బెంగకి వద్దాం. ఎక్కడ చదవాలి, డబ్బు ఎవరికి కట్టాలి? చెల్లీ, ఇక్కడ మాత్రం కొంచెం గట్టిగా చెబుతాను. రెండు శని, ఆదివారాలు ఆన్‌లైన్లో కూర్చోబెట్టి "సర్టిఫైడ్ మ్యూజిక్ థెరపిస్టు" అని కాగితం ఇచ్చే చోట్లు మన దేశంలో బోలెడు. ఆ కాగితం పట్టుకుని మానసిక బాధలో ఉన్న మనిషి ముందు కూర్చోవడం, పుస్తకం చదివి గోదావరిలో దూకినట్టే. నీకు కూడా ప్రమాదం, వాళ్లకి కూడా.

బయట ఎలా ఉందో చూడు. అమెరికాలో ఆమోదించిన డిగ్రీతో పాటు, ఇంటర్న్‌షిప్ కలిపి 1200 గంటల క్లినికల్ శిక్షణ పూర్తి చేసి, బోర్డు పరీక్ష రాస్తేనే ఎంటీ–బీసీ అని పేరు చివర పెట్టుకోవచ్చు. బ్రిటన్‌లో మాస్టర్స్ చేసి హెచ్‌సీపీసీ అనే నియంత్రణ సంస్థలో నమోదు కావాలి. ఆ నమోదు లేకుండా మ్యూజిక్ థెరపిస్టునని బోర్డు పెట్టుకుంటే అక్కడ నేరం. మన దగ్గర స్పీచ్ థెరపిస్టులు, క్లినికల్ సైకాలజిస్టులు రిహాబిలిటేషన్ కౌన్సిల్ దగ్గర నమోదవుతారు. మ్యూజిక్ థెరపిస్టుకి అక్కడ ఇంకా చోటు లేదు. అందుకే కాగితం విలువ మనమే తూచుకోవాలి.

పుదుచ్చేరిలో శ్రీ బాలాజీ విద్యాపీఠ్‌లో మెడికల్ కాలేజీని ఆనుకుని సంగీత చికిత్స చదువు, పరిశోధనల కోసం ఒక కేంద్రం ఉంది. సుమతీ సుందర్ గారు దాన్ని పెంచారు. ఢిల్లీలో మ్యూజిక్ థెరపీ ట్రస్ట్ క్లినికల్ డిప్లొమా నడిపింది. ఏ ఏడాది ఏ కోర్సు తెరుస్తారో మారుతుంటుంది, కాబట్టి అప్లై చేసేముందు నేరుగా కనుక్కో. మన విజయనగరం సంగీత కళాశాల 1919 నాటిది. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్. అంత చరిత్ర ఉన్న మన సంగీత కాలేజీలకి ఆసుపత్రులతో చెయ్యి కలిపే కోర్సు పెట్టడం పెద్ద కష్టమా? నాకు ఇది ఎప్పుడూ ఆశ్చర్యమే.

జీతం సంగతి దాచను. నెల జీతం మీద మ్యూజిక్ థెరపిస్టు పోస్టు మన ఊళ్లలో అరుదు. చాలామంది వారంలో కొన్ని రోజులు ప్రత్యేక పాఠశాలలో, కొన్ని పూటలు వృద్ధాశ్రమంలో, మిగతా సాయంత్రాలు సంగీతం పాఠాలు చెబుతూ నెట్టుకొస్తారు. కాబట్టి పక్కన ఒక గట్టి డిగ్రీ ఉండనీ. సైకాలజీ, స్పీచ్, ప్రత్యేక విద్య, నర్సింగ్, ఏదైనా సరే. అమ్మ భయం కూడా అప్పుడు తగ్గుతుంది. ఉద్యోగం చేస్తూ ఉన్నవాళ్లు దాన్ని వదిలేసి దూకొద్దు. ఆసుపత్రికి వెళ్లినప్పుడు "సంగీతంతో నయం చేస్తాం" అనకు, డాక్టరుగారు అక్కడే వినడం మానేస్తారు. "పక్షవాతం పేషెంట్లతో మాట మీద ఆరు వారాలు పనిచేస్తాను, మొదట, చివర కొలిచి రిపోర్టు ఇస్తాను" అను. కుర్చీ చూపిస్తారు.

ఇంకో బెంగ ఉంది, ఎవరూ పైకి అనరు. రోజూ ఇంత బాధ చూస్తే మనమేమవుతాం? కేన్సర్ వార్డులో పాడిన పాట ఇంటికొచ్చాక స్నానం చేస్తూ కూడా పాడలేకపోతాం. కొన్ని పాటలు ఒక మనిషి మొహానికి అతుక్కుపోతాయి. దీన్ని మనసులో కుక్కుకోవద్దమ్మా. ఈ వృత్తిలో సూపర్‌విజన్ అని ఒకటి ఉంటుంది. అనుభవమున్న థెరపిస్టు దగ్గర కొన్ని రోజులకోసారి కూర్చుని, ఏ పేషెంటు దగ్గర మనకి కోపమొచ్చింది, ఎవరి దగ్గర ఏడుపొచ్చింది, ఎందుకొచ్చింది అని విప్పి చెప్పుకోవడం. మనకి ధైర్యం లేదని కాదు ఇది, పని సరిగ్గా జరగాలంటే తప్పని భాగం. నీకోసం మాత్రమే పాడుకునే పాటలు కొన్ని అట్టే పెట్టుకో, వార్డుకి తీసుకెళ్లకు.

పరిశోధన అంటే లెక్కలు గుర్తొచ్చి కళ్లు తిరుగుతున్నాయా? ఒక మంచి అధ్యయనం చూడు, భయం పోతుంది. 2008లో ప్రచురించిన ఆ అధ్యయనంలో, హెల్సింకిలో పక్షవాతం వచ్చిన 60 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి నచ్చిన సంగీతం, ఇంకో గుంపుకి ఆడియో పుస్తకాలు, మూడో గుంపుకి ఏమీ లేదు. మొదటి రెండు గుంపులూ రెండు నెలలు రోజూ విన్నారు. సంగీతం విన్నవాళ్లకి మాటల జ్ఞాపకశక్తి, ఏకాగ్రత ఎక్కువ కోలుకున్నాయి, దిగులు తక్కువగా ఉంది. ఆ ఆడియో పుస్తకాల గుంపు ఎందుకో ఆలోచించావా? ఏదో ఒకటి వినిపిస్తే చాలా, సంగీతమే కావాలా అన్నది తేల్చడానికి. ప్రశ్నని అంత శుభ్రంగా అడగడమే పరిశోధన. లెక్కలు చేసిపెట్టేవాళ్లు దొరుకుతారు.

జవాబు మనకి నచ్చనిది వచ్చినా రాయాలి, తెలుసా? తొమ్మిది దేశాల్లో 364 మంది ఆటిజం పిల్లలతో చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. ముఖ్య లక్షణాల తీవ్రతలో థెరపీ తీసుకున్న పిల్లలకీ తీసుకోని పిల్లలకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దాన్ని దాచలేదు, పెద్ద వైద్య పత్రికలో వేశారు. తర్వాత 2022లో 26 అధ్యయనాలు కలిపి చూసిన సమీక్ష, మొత్తం మీద మెరుగుదలకి అవకాశముందనీ, మాట, కలివిడితనాల్లో మాత్రం స్పష్టమైన తేడా కనబడలేదనీ చెప్పింది. ఈ రెండూ చదివిన అమ్మాయి, తల్లి ఎదురుగా కూర్చుని "బాబుకి మాటలు వచ్చేస్తాయి" అని ఎప్పుడూ అనదు. అందుకే చదవమంటున్నాను.

నీ ఎం.ఏ. ప్రాజెక్టుకి 200 మంది అక్కర్లేదు. ఒక్క పేషెంటుని తీసుకుని, కొన్నాళ్లు థెరపీ లేకుండా, కొన్నాళ్లు ఇచ్చి, మళ్లీ ఆపి, మళ్లీ ఇచ్చి, ప్రతిసారీ ఒకే విషయాన్ని కొలుస్తూ పోయే పద్ధతి ఉంది, దాన్ని అడిగి నేర్చుకో. ఎథిక్స్ కమిటీ అనుమతి, ఇంటివాళ్ల సంతకం ముందు. వీడియో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టే పని అస్సలు వద్దు, పేషెంటు కన్నీళ్లు మన లైకుల కోసం కావు. ఏం తీసుకోవాలో తోచకపోతే ఒక ఆలోచన చెబుతాను. ఆ బోస్టన్ పద్ధతి ఇంగ్లీషు మాటల కోసం కట్టింది. తెలుగులో అచ్చు సాగదీస్తే 'పడు' కాస్తా 'పాడు' అయి కూర్చుంటుంది. పాడుతూ నేర్పేటప్పుడు ఏ అక్షరం ఎంత సాగించాలి, రెండు స్వరాలు ఎక్కడ మార్చాలి అన్నది స్పీచ్ థెరపిస్టుని పక్కన పెట్టుకుని చూస్తే మంచి థీసిస్ అవుతుంది. మన పెద్దవాళ్లకి పనికొస్తుంది.

ఇక లే, కప్పు కడిగేసి ఫోన్ అందుకో. నువ్వు చేరదామనుకుంటున్న కోర్సు వాళ్లకి కాల్ చేసి ఫీజు కంటే ముందు ఒకటే అడుగు: "నేను పేషెంట్ల దగ్గర ఎన్ని గంటలు పనిచేస్తాను, అప్పుడు నన్ను ఎవరు పక్కనుండి చూస్తారు?" గంటల లెక్క, ఆ మనిషి పేరు చెప్పగలిగితే అప్లికేషన్ నింపు. నీళ్లు నమిలితే మాత్రం ఒక్క రూపాయి కట్టకు.